పెద్దబాపు పుర్రచేతి తుపాకి

మొన్న కిటికీ గ్రిల్లుకు రంగేద్దామని జీరో నంబర్ పాలిష్ పేపర్ కొనుక్కొచ్చిన. నేను తుప్పు గీకుడు చూడలేక పెద్దమ్మ నా చేతిలది గుంజుకున్నది. "గట్ల కాదు బిడ్డా, పైకీ కిందికీ రుద్దితే గీతలు పడ్తయి. ఒక్కదిక్కే పోవాలె" అని పీట ఏసుకొని కూసున్నది. కండ్లు మసకైనా ఆమె వేళ్లకు అన్నీ తెలుస్తయి. జరసేపు రుద్దిందో లేదో, నేననుకున్న ముచ్చటే మొదలువెట్టింది. "మీ పెద్దబాపు తుపాకి యాదికున్నదా? నేను రుద్దబట్టే గా మాత్రం అమ్ముడువోయింది." సూరత్ డిండోలిల మా గల్లీల ఈ ముచ్చట తెల్వనోళ్లు లేరు. "అవ్ పెద్దమ్మా" అన్న. ఎప్పుడైనా గంతే అంట.

పెద్దబాపు అంటే మా నాయినకు అన్న. పిల్లలు లేరు, నన్నే బిడ్డ అనుకున్నరు ఇద్దరూ. ఊరి నుంచి బట్ట నేసే సాంచాల పనికని సూరత్ వచ్చిండు గని సాంచాకూ ఆయనకూ పడలేదు. ఆయనది పుర్రచెయ్యి, అన్నిటికీ ఎడమచెయ్యే. సాంచా హ్యాండిల్ కుడిచేతోనిది, కత్తెర కుడిచేతోనిది. ఎడమచేత్తోని పైసలు ఇస్తే కిరాణా సేఠు గూడ మొఖం మాడ్చేటోడు. ఆఖరికి పాండేసరల ఒక రంగుల మిల్లుకు వాచ్‌మన్ అయిండు. ఆ మిల్లు సేఠుకు తండ్రి కాలం నాటి చిన్న రైఫిల్ ఒకటి ఉండె. ఇరవై రెండు బోరుది. తూటా చిటికెన వేలు కన్న సన్నగుంటది, వెనుక నడిమిట్ల గాకుండ అంచు మీద దెబ్బ తాకితే పేలే రకం. అసలు విచిత్రం ఏందంటే తూటా ఎక్కియ్యను గుంజే దాని బోల్టు ఎడమదిక్కు ఉండేది. సేఠు తండ్రి గూడ పుర్రచేతోడేనట, కోరి తెప్పించుకున్నడట. పెద్దబాపు పేరు మీద లైసెన్సు తీసి, అది ఆయన చేతికిచ్చిండ్రు. "జిందగీల నా చేతికి సరిపోయిన సామాను గిదొక్కటే బిడ్డా" అని నాతోని ఎన్నిసార్లు అన్నడో.

మిల్లు మూసేటప్పుడు సేఠు మంచోడు కాబట్టి పాత పనోళ్లను పిలిచి ఏం గావాలె అని అడిగిండు. మిల్లు వెనుక గది అడుగుమని పెద్దమ్మ రాత్రంతా నూరిపోసి పంపింది. పెద్దబాపు పోయి రైఫిల్ అడిగిండు! ఇగ సూడు లొల్లి. ఆనాటి నుంచి కిరాయి పెరిగినప్పుడల్లా, వానకు రేకులు కారినప్పుడల్లా పెద్దమ్మ ఒకటే పాట. "ఏమయ్యా, తుపాకిల పండుకుందామా? తుపాకి నెత్తిమీద పట్టుకుంటే వాన ఆగుతదా?" ఎన్నికలు వస్తే తుపాకులున్నోళ్లు పోలీస్‌స్టేషన్ల జమ చెయ్యాలె. పెద్దబాపు దాన్ని చీరముక్కల చుట్టుకొని పోయి, ఎన్నికలు అయినంక మల్ల తెచ్చుకునేటోడు. "ఇంట్ల ఎలుకలు బియ్యం సంచి కొరుకుతున్నయి, ఒక్క ఎలుకనన్న కొట్టినవా ఉత్త ఇనుపకట్టెతోని?" అనేది ఆమె. దేని మీద పేల్చంగ చూడలేదు నేను. ఊకె తుడిచి, బోల్టు గుంజి, మల్ల దాచేటోడు. పెద్దమ్మ ఎంతన్నా ఆయన జవాబు ఒక్కటే. "ఒగనాడు దాని ఖీమత్ తెలుస్తదే. ఆనాడు నువ్వే నోరు మూస్కుంటవ్." ఇద్దరి కాపురం మొత్తం ఆ ఒక్క పందెం మీదనే నడిచింది.

ఆయన కండ్లకు పొర వచ్చింది. లైసెన్సు మల్ల రాయరు, అమ్ముతవా జమ చేస్తవా అన్నరు ఆఫీసుల. జమ చేస్తే స్టేషన్ కొట్టంల తుప్పు పడ్తదని పెద్దబాపు అమ్ముడే ఖరారు చేసిండు. నేను గుజరాతీ బడిల టీచరమ్మను, కాయితాలు చదువుతా అని నన్ను తోలుకపోతనన్నడు. ఆ పొద్దు ఆయన గడ్డం గీకించుకోను పోయిండు. వచ్చేసరికి పెద్దమ్మ వాకిట్ల కూసొని తుపాకి గొట్టం మొత్తం జీరో పేపర్ పట్టి తెల్లగ తళతళ చేసింది. ఆమెకు తెలిసిన విద్య అది. సాంచాల కార్ఖానల కొత్త దారం ఎక్కియ్యకముందు కడ్డీలు రుద్దేది ఆమెనే. ఇనుము మీద ఇసుమంత గరుకున్నా దారం తెగుతది, అందుకని నల్లటి ఇనుము కండ్లవడితే ఆమె చెయ్యి ఊకోదు. "గట్లనే కొంటపోతే పాత ఇనుమోడు గూడ కొనడు. పిల్లను చూపియ్యవోతే మొఖం కడగరా?" అన్నది. అన్నేండ్లల్ల ఆ తుపాకిని ఆమె ప్రేమగ ముట్టుకున్నది ఆ ఒక్కనాడే. ఆయన గెలవాలె అని ఆమెకే ఉన్నదేమో అనిపించింది నాకు. పెద్దబాపు గూడ మురిసిండు. "బాగుందే" అన్నడు. ఆయన నోట్లకెళ్లి ఆ మాట రావుడే గగనం.

ఆటోవాలా "పరదా కడ్డీయా?" అని అడిగితే, "అవ్, శానా పెద్ద కిటికీకి" అన్నడు పెద్దబాపు. అంత హుషారుగున్నడు. తుపాకుల దుకాణపు సేఠు ముసలాయన, చశ్మా పెట్టుకొని ముందుగాల లైసెన్సు చూసిండు. చుట్టిన చీరముక్క విప్పంగనే బోల్టు ఎడమదిక్కున్నది చూసి కుర్చీలకెళ్లి లేచిండు. గిసుంటివి శానా తక్కువని, పాత తుపాకులు సోకుకు కూడవెట్టేటాయన ఒకరు దీని కోసమే తిరుగుతున్నడని గుజరాతీల చెప్పుకుంట వెలుతురుకు పట్టిండు. పట్టినోడు పట్టినట్టే ఆగిపోయిండు. గొట్టం మీద కంపెనీ ఎక్కిచ్చిన నల్లని నీలిరంగు లేదు. చేసిన కంపెనీ అక్షరాలు సగం అరిగిపోయినయి. అడుగున నంబరు మిగిలింది గాబట్టి బతికినం, లేకుంటే పోలీసు కేసేనట. "దీని చర్మమే ఒలిచేసిండ్రు గదా, ఎవరు చేసిండ్రు ఈ పని?" అని అడిగిండు.

నేను నోరు తెరిచేలోపల పెద్దబాపు హిందీల "మైనే కియా సేఠ్" అన్నడు, తానే చేసిన అని.

అట్లనే తెచ్చుంటే డిండోలిల ఒక గది కొననీకి బయానా అయ్యేదన్నడు సేఠు, నిజంగ బాధపడుకుంట. ఇప్పుడైతే గురి కొట్టుడు నేర్చుకునేటోళ్లు ఎవరన్న కొంటరు, అంతే. పెద్దబాపు బేరం చెయ్యలే. ఒక్కసారి దాన్ని అడిగి తీసుకొని, ఎడమచేత్తోని బోల్టు గుంజి, మల్ల మెల్లగ మూసి ఇచ్చేసిండు. బయట చాయ్ బండి కాడ నిలవడ్డప్పుడు నాకు ఏడుపు ఆగలే. "ఏందమ్మ గిది" అని తువ్వాల ఇచ్చిండు. "మీ పెద్దమ్మకు చెప్పకు. అది నా కోసమే రుద్దింది."

ఇంటికి రాంగనే పెద్దమ్మ గుమ్మంల నిలవడి "ఏమాయె?" అన్నది. పెద్దబాపు చెప్పులు ఇడుసుకుంట, "నువ్వన్నదే నిజం. ఉత్త ఇనుపకట్టెనేనట. నువ్వు తోమినవ్ గాబట్టి గీ మాత్రం ఇచ్చిండు" అన్నడు. పెద్దమ్మ గెలుపు సూడాలె! గల్లీ అంత తిరిగి చెప్పింది. ఆయన పోయేదాక వచ్చినోళ్లందరి ముందు చెప్పింది, ఆయన చాయ్ తాగుకుంట "అవ్, అవ్" అనేటోడు.

గ్రిల్లు రుద్దుడు ఆపి పెద్దమ్మ ఈసారి కొత్తమాట అన్నది. "ఆయన నాతోని దేంట్ల ఓడినోడు బిడ్డా? ఉప్పు తక్కువైందంటే గూడ ఒప్పుకోని మనిషి. గా తుపాకి కాడ గంత అల్కగ ఎట్ల ఒప్పుకున్నడు?" అని నా మొఖం దిక్కు చూసింది. మసక కండ్లకు నేనెంత కనిపించిన్నో తెల్వదు. నేను రంగు డబ్బ మూత తీసుకుంట కూసున్న. కొద్దిసేపటికి ఆమెనే మల్ల రుద్దుడు మొదలువెట్టింది, ఒక్కదిక్కే, మెల్లగ. ఎన్నేండ్లు గడిస్తే ఏది గరుకు పోయి నున్నగైతదో నాకు తెల్వదు గని, ఈ ఒక్క ముచ్చట మాత్రం నా చేతికి ఇంక గరుకుగనే తాకుతున్నది.