లేజర్ గదిలో రెండో మనిషి

బయట ఎండ నలభై దాటినా అబ్దుల్ సమద్ గదిలో ఇరవై డిగ్రీలే. జహీరాబాద్‌లో హైవే పక్కన, ట్రాక్టర్ గేర్లు చేసే చిన్న కార్ఖానాలో ఆయనది కొలతల గది. అద్దాల తలుపు వెనుక పంతొమ్మిదేళ్లుగా ఒక్కడే కూర్చుంటున్నాడు. రెండో మనిషి వస్తే ఆ ఒంటి వేడికి కొలత చెడుతుంది. భార్య చనిపోయిన వారం కూడా ఆయనతో ఎవరూ పది మాటలు మాట్లాడలేదు. 'ఫ్రిజ్ చాచా' అని నవ్వుకోవడానికి మాత్రం అందరికీ తీరిక దొరికేది.

ఆ గదిలో కొలబద్ద లేజర్ కాంతే. దాని అలల్ని లెక్కపెట్టి, గేర్లు కొలిచే మిషన్ ఎంత కదిలిందో చెబుతారు. కాంతి పౌనఃపున్యం మారితే కొలబద్దే సాగినట్టు. అందుకే సమద్ మూడింటిని కనిపెట్టుకుని ఉండాలి: గాజు గొట్టం వేడి, దాని చివరి అద్దాన్ని పిసరంత జరిపే వోల్టేజీ, గొట్టం చుట్టూ ఉన్న అయస్కాంతం. మూడూ కుదిరితే లేజర్ పెట్టె మీది ఆకుపచ్చ లైటు నిలకడగా వెలుగుతుంది.

నిన్న మధ్యాహ్నం నుంచి అది నిలవడం లేదు.

"సమద్ భాయ్, పన్నెండింటికి గేర్లు కొనేటోళ్లు వస్తున్నరు," యజమాని మహాదేవప్ప గడప దగ్గరే ఆగి అన్నాడు. "అప్పటికి లైటు నిలవకుంటే దీన్ని పాత సామాన్ల ఏస్త. గది స్టోరు చేస్త. నువ్వు ప్యాకింగ్‌ల కూసో."

"జర ఆగు సేట్. గొట్టం మంచిగనే ఉంది."

ప్యాకింగ్‌లో డబ్బాలకు టేపు వేయడం తప్ప పని లేదు. సమద్ వేడి చూశాడు, సరిగానే ఉంది. వోల్టేజీ మాత్రం దేన్నో తరుముతున్నట్టు ఎగిరెగిరి పడుతోంది. ఇక మిగిలింది అయస్కాంతం. వంగి లేజర్ పెట్టె అడుగున తడిమాడు. చేతికి ఇనుప దిమ్మ తగిలింది. డయల్ గేజీ అనే ముల్లు కొలత పరికరాన్ని నిలబెట్టే మాగ్నెట్ స్టాండు; దాని అయస్కాంతమే గొట్టం చుట్టూ ఉన్నదాన్ని చెడగొడుతోంది.

అది ఫిట్టర్ మాణిక్‌ది. "ఒక్కనివే ఎట్ల తింటవ్ చాచా?" అంటూ నిన్న అన్నం డబ్బాతో లోపలికి వచ్చేశాడు. సమద్ వద్దనలేదు. చేతులు ఖాళీ కావాలంటే స్టాండును దగ్గరున్న ఇనుముకు అంటించడం ఫిట్టర్లకు అలవాటు. అంటించాడు, తిన్నాడు, మరిచిపోయాడు.

దాన్ని పీకేశాక అరగంటకు, పన్నెండు కాకముందే, లైటు నిలిచింది.

"ఏమైండె?" మహాదేవప్ప అడిగాడు.

"నా తప్పే సేట్. స్టాండు నేనే పెట్టి మర్చిన."

"ఇన్నేండ్ల సర్వీసు చేసి గిదా నీ తెలివి!"

ఆయన వెళ్లాక మాణిక్ తలుపు కొంచెం తెరిచాడు. "నా పేరు చెప్పకపోతివి చాచా."

"చెప్తే నిన్ను గేటు బయట నిలవెడ్తుండె." స్టాండు సందులోంచి అందించాడు.

"రేపు ఉత్త చేతులతోటి వస్త. తిందాం."

సమద్ లైటు వైపు చూశాడు. నిన్న ఆ పది నిమిషాల్లో మాణిక్ తన మరదలి గురించి ఏదో చెప్పి నవ్వించాడు.

"రాకు బేటా. ఇంకోపాలి ఇట్లయితే గది ఉండది."

మాణిక్ ఏదో అనబోయాడు. సమద్ తలుపు మూసి లోపల గొళ్లెం పెట్టాడు.