ఆ రెండు నిమిషాలు

మా బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. ఎదుటివాళ్లు అర నిమిషం ఆలస్యమైనా ఊరుకోడు. చలికాలమంతా ఈత మానేసి, వసంతం రాగానే నన్ను వెంటబెట్టుకుని మళ్లీ స్విమ్మింగ్ పూల్‌కి బయల్దేరాడు. నిరుడు ముప్పై నిమిషాల్లో ఈదిన ఇరవై రౌండ్లకు ఇప్పుడు గోడ గడియారం ముప్పై రెండు చూపిస్తోంది.

"ముసలాణ్ణైపోయానే!" అని నా మీద విరుచుకుపడ్డాడు, ఆ వయసేదో నేనే అంటించినట్టు.

కాఫీ మానేశాడు. పొద్దున్నే నడక మొదలుపెట్టాడు. మూడు వారాలైనా ఆ రెండు నిమిషాలు తగ్గితే ఒట్టు.

నిన్న ఒళ్లు మండి పూల్ కాపలాదారు మీద ఎగిరాడు. "నీళ్లలో ఏం కలుపుతున్నారయ్యా, ఇంత బరువుగా ఉన్నాయి?"

అతను నసిగాడు. "నీళ్లు బాగానే ఉన్నాయండీ. చలికాలంలో మీరు కొత్త లోలకం వేసినప్పటి నుంచీ ఆ గడియారమే పరిగెడుతోంది. రోజూ తలుపులు తీయగానే నేనే సరిచేస్తున్నా. చెబితే నొచ్చుకుంటారని..."

బాబాయి తలెత్తి చూశాడు. తను వేసిన లోలకం పాతదానికన్నా రెండు వేళ్లు పొట్టిదని అప్పుడు ఆనింది కంటికి.

"స్టూలు తే," అన్నాడు నాతో, తడి నిక్కరుతోనే. "కాదు, ముందు కాఫీ తే."