గొంతుకీ ప్రాణానికీ ఒకటే మాట

నా చిన్నప్పుడు ఖరగ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ పక్కింట్లో ఒక తాతయ్య ఉండేవారు. ఆయన హెబ్రూ పండితుడు. యూదుల పురాతన లేఖనాలను వాటి సొంత భాషలోనే చదివి అర్థం చెప్పగల మనిషి. శ్రీకాకుళం నుంచి వలస వచ్చిన ఫిట్టర్‌గారి కొడుకు. తండ్రిలాగే వర్క్‌షాపులో చేరాల్సినవారు, చర్చిలో ఒక ముసలి ఫాదర్ దగ్గర ఆ అక్షరాలు చూసి, వాటి మీద మనసుపడి కలకత్తా వెళ్ళిపోయారట. అక్కడ పాస్టర్లకు చదువు చెప్పే కాలేజీలో వయసంతా ఆ భాష బోధించడంలోనే గడిచింది.

రానురాను కుర్రాళ్ళకి ఆ చదువు బరువైపోయింది. పరీక్షకి తప్పనిసరి కాదనేసరికి రావడం మానేశారు. ఆఖరికి ఒక్క బెంగాలీ అబ్బాయి మిగిలాడు. అతనూ మానేశాక తరగతి ఎత్తేశారు. ఆ ఏడే ఆయన భార్య పోయారు, తర్వాత చూపు కూడా పోయింది. ఖరగ్‌పూర్‌లో కూతురింటికి వచ్చి, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆ కూతుర్ని నేను పిన్ని అని పిలిచేదాన్ని. తాతయ్య ఏం చదివారో మా క్వార్టర్ల లైన్లో ఎవరూ అడగలేదు. మా అమ్మ మాత్రం ఇంటిపని అయ్యాక వెళ్ళి ఆయనకి పేపరు చదివి వినిపించేది.

నా తొమ్మిదో ఏట, వానాకాలంలో, అమ్మకి కామెర్లు వచ్చాయి. ముదిరిపోయాక గానీ తెలియలేదు. రిక్షాలో ఆస్పత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ లేచి తిరగలేదు.

నాకు ఏడుపు రాలేదు. మాటా రాలేదు. ముద్ద నోట్లో పెడితే గొంతు దిగేది కాదు. వచ్చినవాళ్ళందరూ అమ్మ దేవుడి దగ్గర సుఖంగా ఉందని, నేను తినకపోతే అక్కడ బాధపడుతుందని చెప్పేవారు. నాన్న పళ్ళెం ముందు కూర్చుని, నా మొహం చూసి, చెయ్యి కడిగేసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం తాతయ్య గోడ తడుముకుంటూ మా ఇంటికి వచ్చారు. వెనకే పిన్ని గంజి గిన్నెతో వచ్చింది. ఆయన నా పక్కన నేలమీదే కూర్చున్నారు. తర్వాత మెల్లగా అడిగారు.

"గొంతులో ఏటో అడ్డం పడినట్టుందా, తల్లీ?"

తలూపాను. ఆయనకి కనబడదని గుర్తొచ్చి, ఆయన చెయ్యి తీసుకుని నా గొంతు మీద పెట్టుకున్నాను.

"నేను చదివిన భాషలో నెఫెష్ అని ఒక మాటుంది. తరగతిలో దాన్ని ప్రాణం అని చెప్పినాను, ఆత్మ అని చెప్పినాను. గొంతు అని కూడా దానికి అర్థముంది. అదీ చెప్పినాను, కానీ నాకే సరిగా తెలీలేదు. మా ఇంటిది, మీ మామ్మ, పోయిన్నాడు నాకు మంచినీళ్ళు దిగలేదు. గొంతుకీ ప్రాణానికీ వాళ్ళు ఒకటే మాట ఎందుకు పెట్టుకున్నారో అప్పుడు తెలిసింది. తెలిసేసరికి చెప్పుకోడానికి తరగతి లేదు." నా గొంతు మీద చెయ్యి అలాగే ఉంచి, మళ్ళీ అన్నారు. "మీ అమ్మకి చెబుదామనుకున్నాను. పేపరయ్యాక పనుందని లేచెళ్ళిపోయీది."

నెఫెష్ అన్న ఆ మాట నన్ను ఒకసారి అనమన్నారు. అన్నాను. ఆయన చేతికింద గొంతు కదిలింది. దాని వెనకే "అమ్మా" అని వచ్చేసింది, ఇక ఆగలేదు. తాతయ్య ఊరుకోమనలేదు. ఆయన కూడా ఏడుస్తున్నారు. నా ఏడుపు కాస్త నెమ్మదించాక పిన్ని దగ్గర గిన్నె అందుకున్నారు.

"ఒక్క గుక్క తాగు. ప్రాణానికి ముందు దారియ్యాల."

తాగాను. ఉప్పగా, గోరువెచ్చగా దిగింది. ఆ రాత్రి నాన్న కూడా అన్నం తిన్నాడు.

తాతయ్య ఆ చలికాలం దాటలేదు. ఆయన పుస్తకాలు చదవగలిగేవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేకపోయారు. పిన్ని వాటిని చర్చికి ఇచ్చేసింది.

ఇప్పుడు నాకు అరవై దగ్గరపడింది. మనిషి పోయిన ఇంటికి వెళ్తే దేవుడి గురించీ రాత గురించీ ఏమీ చెప్పబుద్ధి కాదు. పక్కన కూర్చుని, ముద్ద గొంతు దిగుతోందా అని మాత్రం అడుగుతాను. అమ్మ బాగా గుర్తొచ్చిన రోజున నాకు ఇప్పటికీ మొదటి ముద్ద దిగదు. అప్పుడు తాతయ్య నేర్పిన ఆ మాట లోపల అనుకుని, గుక్కెడు నీళ్ళు తాగి, మళ్ళీ అన్నం కలుపుకుంటాను.