రూతమ్మకు నేను రాయించిన బోర్డు

మొన్న మార్కాపురంలో ఒక కుర్ర డాక్టరు ఏసీ గదిలో స్టెతస్కోపు బిళ్ల నేరుగా నా రొమ్ము మీద పెట్టాడు. ఆ చల్లదనానికి ఒళ్లు జలదరించింది. "ఏం తాతా, భయమా?" అన్నాడు. భయం కాదు, రూతమ్మ గుర్తుకొచ్చింది. ఆమె ఆ బిళ్లను పిడికిట్లో పట్టుకుని, వెచ్చబడ్డాక గానీ మనిషికి ఆనించేది కాదు. చలిదేశంలో చదివినప్పుడు అబ్బిన అలవాటు. మన దేశంలో ఆమె దాన్ని ఆనించింది నాకొక్కడికే.

గిద్దలూరు బజారులో నాకొక గది, బల్ల, సూదుల డబ్బా ఉండేవి. ఎనిమిదితో బడి మానేసి కాంపౌండరుగా చేరి, మందుల అట్టపెట్టెల మీది ఇంగ్లీషు కూడబలుక్కుంటూ నేర్చిన వైద్యం నాది. జనం సాయిబు డాక్టరనేవాళ్లు. రూతమ్మది అర్ధవీడు. అమ్మానాన్నలు మిరప కోతలకు పోయే కూలీలు. చర్చిలో తలా ఒక చెయ్యి వేసి ఆమెను కిర్గిజ్‌స్తాన్‌లో డాక్టరు చదివించారు. అక్కడే వైద్యం చేయాలంటే వాళ్ల భాషలో వాళ్ల పరీక్ష. ఇక్కడ చేయాలంటే ఇక్కడి పరీక్ష గట్టెక్కాలి, అప్పుడుగానీ మెడికల్ కౌన్సిల్ పుస్తకంలో పేరెక్కదు. నాలుగుసార్లు తప్పి నా దగ్గరకొచ్చింది.

"కాశిం మామా, నీ ఎనక గది ఖాళీయే గదా. కూచోని చదువుకుంటా."

"చదువుకో. మధ్యలో నాలుగు సూదులు గూడా ఎయ్యి, నాకు సాయంగా ఉంటాది."

"పేరెక్కేదాక ఎవుర్నీ ముట్టను మామా. ముట్టినట్టు తెలిస్తే ఇంక జన్మకు ఎక్కనీరు."

నీరసమంటే గ్లూకోజు బాటిల్ ఎక్కించడం మా వైపు రివాజు. ఎక్కించనివాడు డాక్టరే కాదు. ఒకరోజు పత్తి చేను నుంచి వచ్చిన ఒకామె, నేను బాటిల్ తగిలిస్తుంటే, రూతమ్మను చూసి ఎకసెక్కమాడింది. "ఏందమ్మే, ఫారిన్ డాక్టరువంట. సూదంటే భయమా?"

రూతమ్మ కుర్చీలోంచి కదలలేదు. "మామా, ఆమె కంటిరెప్ప దించి చూడు" అంది. దించాను. లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "ఒంట్లో రక్తం లేదు. బాటిల్ నీళ్లెక్కిస్తే గుండె మోయలేక ఊపిరాడక పోతాది. పెద్దాసుపత్రికి పంపు."

కోపంగానే పంపాను. అక్కడా ఆ మాటే అన్నారట. అంతకుముందు రెప్ప దించి చూడకుండా నేను ఎందరికి బాటిళ్లు ఎక్కించానో ఆ దేవుడికే తెలియాలి. మళ్లీ బాటిల్ ముట్టలేదు.

ఐదోసారి పరీక్షకు నెల ఉందనగా ఒక మధ్యాహ్నం నాకు రొమ్ము పట్టేసింది. చెమటలు కారుతున్నా "గ్యాసులే" అన్నాను.

"నోరు మూసుకో మామా."

లేచి వచ్చింది. బిళ్లను పిడికిట్లో వెచ్చబెట్టి, ఆనించి విని, నా డబ్బాలోని ఆస్పిరిన్ నాచేతనే నమిలించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయింది. బతికాను.

బతికినవాణ్ణి ఊరుకున్నానా. ఆమె పరీక్షకు పోయిన రోజున, ఈసారి గట్టెక్కడం ఖాయమని, పెయింటరును పిలిచి నా గది మీద 'డాక్టర్ రూతమ్మ' అని బోర్డు రాయించాను. ఆగి చూసిన ప్రతివాడికీ నా ప్రాణం నిలబెట్టిన కథ చెప్పాను. ఎవరో ఫోటో తీసి మెడికల్ కౌన్సిల్‌కు పంపారు. పరీక్షయ్యాక అర్ధవీడులో వారముండి ఆమె తిరిగొచ్చేసరికి ఇద్దరు ఆఫీసర్లు నా కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. సాయిబుకు మందు ఇచ్చింది నువ్వేనా అని అడిగారు. ఆమె అబద్ధమాడదు. పేరెక్కకుండానే వైద్యం చేశానని రాయించి సంతకం తీసుకున్నారు.

"నలభై ఏండ్లు సూదులేసినోణ్ణి నేనుండా సార్. నన్ను రాసుకోండి" అన్నాను.

"నువ్వెటూ డాక్టరువి కావు కదా, నీకేంది" అన్నాడు ఒకాయన.

ఆ పరీక్ష ఆమె పాసయింది. కానీ ఫిర్యాదు తేలేదాక పేరెక్కదన్నారు. అది ఈనాటికీ తేలలేదు. బోర్డు దించడానికి నేను నిచ్చెన ఎక్కితే, కింద నిచ్చెన పట్టుకున్నది ఆమే.

"నన్ను తిట్టమ్మా" అన్నాను.

"అబద్ధమేం రాయించలేదులే మామా. తొందరపడినావు, అంతే."

ఇప్పుడు హైదరాబాదులో ఏదో ఆసుపత్రిలో బిల్లుల కౌంటరు దగ్గర కూర్చుంటోంది. నేను సూదుల డబ్బా పారేశాను. ఎవరైనా బాగాలేదని ఇంటికొస్తే కంటిరెప్ప దించి చూసి, ఆసుపత్రికి పొమ్మంటాను. చెయ్యి చాపేముందు పిడికిలి బిగించి వెచ్చబెట్టుకుంటాను. ఈ ఎండలకు మా ఊళ్లో ఎవరి చెయ్యీ చల్లగా ఉండదు. అయినా బిగిస్తాను.