నేను లామినేషన్ చేయించిన వీలునామా

మా ఆఫీసు గేటు దాటి మెట్రో స్టేషన్ వైపు నడిస్తే ఒక జిరాక్సు కొట్టు ఉంది. మధ్యాహ్నం పూట దాని ముందు నుంచి వెళ్తే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గుప్పున ముక్కుకు తగులుతుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు డిగ్రీ పట్టాలు తెచ్చి అక్కడ లామినేషన్ చేయించుకుంటారు. నిన్న ఒక అమ్మాయి తన పట్టాను ఆ మిషన్ నోట్లో పెట్టించబోతుంటే ఆగలేక, "అమ్మా, అది ఒరిజినలా? వద్దమ్మా, ఊరికే కవర్లో పెట్టుకో చాలు" అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. నడివయసు మేడమ్ ఎవరో ఎండకు తిక్కపట్టి మాట్లాడుతోందనుకుని ఉంటుంది. నేను భోజనం మానేసి వెనక్కి వచ్చి నా సీట్లో కూర్చున్నాను. ఆ వాసన తగిలిన రోజు నాకు అన్నం దిగదు.

ఆ వాసనతో గుర్తొచ్చే మనిషి పేరు మల్లేశం. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. పుప్పాలగూడలో చుట్టూ అపార్టుమెంట్లు లేస్తున్నా అమ్మకుండా ఉంచుకున్న పాత ఇల్లు ఆయనది. కడప నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆ ఇంటి మేడమీద గదిలో నేను కిరాయికి దిగాను. మొదట్లో అంకుల్ అనేదాన్ని, ఏడాది తిరిగేసరికి పెదనాన్న అయిపోయారు. ఆయనకు భార్య పోయింది, పిల్లలు లేరు. భార్య చెల్లెలి కూతురు పద్మను మూడేళ్ళప్పుడు తెచ్చుకుని పెంచారు. దత్తత కాగితాల్లాంటివేమీ రాయించలేదు. బిడ్డ అనుకున్నాక మళ్ళీ కాగితమెందుకని ఆయన ఉద్దేశం. పద్మ ఆయన్ని బాపు అని పిలిచేది. ముందు గదిలో కుట్టు మిషన్ పెట్టుకుని ఆ వీధి ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది.

నాకు ఉద్యోగం ఇచ్చింది కంపెనీ అయినా, పని నేర్పింది మాత్రం మల్లేశం గారే. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. అంటే ఇంకొకరు చేసినదాంట్లో తప్పులు వెతికే పని. చేరిన ఆర్నెల్లకే ఒక పెద్ద తప్పును చూడకుండా వదిలేశాను. అది కస్టమర్ దాకా పోయింది. ఎవరు వదిలారో అప్పటికింకా తేలలేదు. నేను నోరు మూసుకుని ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే పెదనాన్న వచ్చి పక్కన కూర్చున్నారు. "ఏంది సుజాతా, ఏమైంది బిడ్డా?" అంటే మొత్తం చెప్పాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "మా తాన ఒక పద్ధతుండేది. పీసు ఖరాబైతే చేసినోడే దానికి తన పేరు చీటీ కట్టి మేస్త్రీ బల్ల మీద పెట్టాలె. చీటీ కట్టినోన్ని ఎవ్వలు ఏమనరు, ఇంకో లోహం ఇచ్చి మళ్ళ చెయ్యమంటరు. స్క్రాపుల కలిపి దాసినోన్ని మాత్రం గేటు బయటికే పంపుతరు." మర్నాడు వెళ్ళి మా టీమ్ లీడ్ దగ్గర తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఉద్యోగం పోలేదు. ఈ రోజు నా కింద ఇరవైమంది పనిచేస్తున్నారంటే అది ఆ మెట్ల మీద పడ్డ పునాది. ఈ మాట ఆయన బతికుండగా ఆయనకు చెప్పనే లేదు.

నా పెళ్ళి కుదిరి నల్లగండ్లకు మారబోతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున ఆయన స్టీలు స్కేలుతో తెల్లకాగితం మీద పెన్సిల్ గీతలు గీసుకుని, ఇంకు పెన్నుతో, ముత్యాల్లాంటి అక్షరాలతో వీలునామా రాశారు. ఇల్లు మొత్తం పద్మకు. వర్క్‌షాపు నాటి స్నేహితులిద్దరు వచ్చి సాక్షి సంతకాలు పెట్టి, చాయ్ తాగి వెళ్ళారు. తర్వాత ఆయన ఆ కాగితాన్ని నూలుగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టారు. "నీ దగ్గర పెట్టుకో బిడ్డా. మా అన్న కొడుకులు వస్తుంటరు, పోతుంటరు. పెట్టె తెరిచి సూసిన్రంటే ఇగ లొల్లి మొదలైతది. నీ తాన ఉంటే నాకు ఫికర్ లేదు."

"రిజిస్టర్ చేయిద్దాం పెదనాన్నా, మంచిది కదా" అన్నాను.

"నా చేతిరాత నాది కాదంటరా ఎవలన్న? ముప్పై ఏండ్లు ప్రతి పీసు మీద చీటీ నేనే రాసిన. బాలానగర్‌ల ఎవల్నన్న అడుగు" అని మీసం దువ్వుకున్నారు. నాకూ ముచ్చటేసి ఊరుకున్నాను. గుడ్డ మార్చొద్దని, మడత ఎక్కువ విప్పొద్దని మాత్రం చెప్పారు. అంత చిన్న జాగ్రత్త అది.

ఏడేళ్ళు మా బీరువాలో భద్రంగానే ఉంది. ఒక వానాకాలం బీరువా వెనక గోడ చెమ్మగిల్లింది. గుడ్డ విప్పి చూస్తే కాగితం మెత్తబడి మడతల దగ్గర చిరుగుతోంది. మా వాళ్ళకు విలువైన కాగితం కనబడితే ప్లాస్టిక్ తొడిగేదాకా నిద్రపట్టదు. పదో తరగతి సర్టిఫికెట్టు, పాప పుట్టిన పత్రం, దేవుడి పటం, అన్నీ లామినేషనే. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ ఆ కాగితాన్ని అదే కొట్టుకు తీసుకెళ్ళాను. కొట్టతను చేతిలోకి తీసుకుని, "మేడమ్, ఇది ఒరిజినల్ లెక్కుంది. చెయ్యాల్నా మరి?" అని అడిగాడు కూడా. ఆ మాట నా చెవికెక్కలేదు. "చెయ్యి బాబూ, మందం కవరు వెయ్యి" అన్నాను. అతితెలివి అంటే నాదే మరి. బయటికొచ్చిన కాగితం నిగనిగలాడుతుంటే మురిసిపోయాను. ఆ సాయంత్రమే పుప్పాలగూడ వెళ్ళి, బహుమతి తెచ్చినదానిలా ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని వెలుగుకు పట్టుకుని చూశారు. బొటనవేలితో సంతకం మీద రెండుసార్లు రుద్దారు. ప్లాస్టిక్ తప్ప ఏమీ తగల్లేదు. "మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నారు. కాగితాన్ని మళ్ళీ నా చేతికే ఇచ్చి, "గని నేను మళ్ళొకటి రాస్త. ఈసారి రిజిస్టర్ చేయిద్దాం. నాకు మోకాళ్ళు సతాయిస్తున్నయి, నువ్వు వచ్చి తోల్కపోతవా?" అన్నారు. తప్పకుండా పెదనాన్నా, వచ్చే ఆదివారం వస్తాను, మీరు రాసింది చూసుకుని రిజిస్ట్రేషన్‌కు ఆన్‌లైన్‌లో స్లాటు నేనే బుక్ చేస్తాను అన్నాను. పద్మ అప్పుడు జాకెట్లు ఇవ్వడానికి పక్కింటికి వెళ్ళింది. ఆ మాట మా ఇద్దరి మధ్యే జరిగింది.

ఆ ఆదివారం వెళ్ళలేదు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజు. తర్వాతి ఆదివారం పాపకు జ్వరం. ఆ తర్వాతి వారం నిజం చెప్పాలంటే ఏ పనీ లేదు, బద్ధకించాను. ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. రెండోసారి "పనుంటే రాకు బిడ్డా, తొందరేం లేదు" అన్నారు. తొందరేం లేదన్నారు కదా అని నేనూ దాన్నే పట్టుకుని వేలాడాను. తొమ్మిది వారాలు పోయాయి. పదో వారం బుధవారం పొద్దున పద్మ ఫోన్ చేసి, బాపు లేడక్కా అంది.

పెద్ద దినం అయిన నెలకు అన్న కొడుకులు ఇల్లు తమదన్నారు. మరీ చెడ్డవాళ్ళేం కాదు, ఇప్పుడు పుప్పాలగూడలో జాగా అంటే ఎవరికి ఆశ పుట్టదు? నేను వీలునామా పట్టుకెళ్ళి చూపిస్తే ఆ సంతకం మా చిన్నాయనది కాదు అనేశారు. వ్యవహారం కోర్టుకెక్కింది. సాక్షుల్లో ఒకరు అప్పటికే పోయారు. రెండో ఆయనకు మతిమరుపు వచ్చి కన్నబిడ్డలనే గుర్తుపట్టడం లేదు. ఇక మిగిలింది ఆ కాగితం, ఆయన రాత. సంతకం పరీక్ష చేయమని నిపుణుడికి పంపితే, ప్లాస్టిక్ అంటుకుపోయింది కాబట్టి సిరాను, కలం ఒత్తిడిని చూడ్డం కుదరదనీ, పొర లాగితే కాగితమే చిరిగిపోతుందనీ రాసి పంపాడు.

నన్ను బోనెక్కించారు. అవతలి లాయరు ఆ కాగితాన్ని పైకెత్తి, "దీనికి ప్లాస్టిక్ వేయించింది ఎవరమ్మా?" అన్నాడు.

"నేనేనండి."

"ఎందుకు వేయించారు? దీంట్లో ఏం కప్పిపుచ్చడానికి?"

పాడైపోతుందని భయపడి చేశానండి అన్నాను. నా గొంతు నాకే దొంగ గొంతులా వినబడింది. పద్మ వెనక బల్ల మీద కూర్చుని నా వైపే చూస్తోంది. ఆమె కళ్ళలో కోపం కనబడి ఉంటే బాగుండేది. రెండేళ్ళు తిరిగి తిరిగి అలసిపోయి చివరికి రాజీకి ఒప్పుకుంది. ఇల్లు వాళ్ళకు పోయింది, బాలానగర్ అవతల ఒక చిన్న ఫ్లాటు ఈమెకు వచ్చింది. పుప్పాలగూడ ఇల్లు కూలగొట్టిన రోజు కుట్టు మిషన్‌ను ఆటోలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ కొత్త వీధిలో ఆమెను ఎవరెరుగుదురు? జాకెట్ల బేరం మళ్ళీ మొదటి నుంచి.

లామినేషన్ నేను చేయించానని లోకమంతటికీ తెలుసు. మళ్ళీ రాస్తానని ఆయన అడిగిన సంగతి, నేను తొమ్మిది ఆదివారాలు ఎగ్గొట్టిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. లాయరుకు చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు. నాకు తప్పు ఒప్పుకోవడం నేర్పిన మనిషి విషయంలోనే నేను దొంగనయ్యాను.

పోయిన నెల పద్మ ఫోన్ చేసింది. కష్టకాలంలో తోడున్న స్నేహితురాలికి తన ఫ్లాటు చెందేలా వీలునామా రాస్తోందట. "సాక్షి సంతకం కావాలె అక్కా, బుధవారం వస్తవా?" అంది. సెలవు పెట్టి, చెప్పిన టైముకు అరగంట ముందే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను. బయట బల్ల మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. సంతకం పెట్టేముందు చెప్పకపోతే ఇక ఈ జన్మలో చెప్పలేననిపించింది. చెప్పేశాను. ఆయన అడగడం, నేను వస్తాననడం, తొమ్మిది వారాలు, బద్ధకం, అంతా. తల ఎత్తలేకపోయాను.

పద్మ పైట చెంగు సర్దుకుంది. "నాకు తెల్సక్కా" అంది. "బాపు ఐతారమైతే చాలు, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకొని ఏసుకొని, పదింటికల్లా గేటు కాడ కుర్చీల కూసునేటోడు. ఏడికి పోతవ్ బాపు అంటే, సుజాత వస్తనన్నది అనేటోడు. అన్నానికి పిలిస్తే గూడ వచ్చేటోడు కాదు."

లోపలి నుంచి మా పేర్లు పిలిచారు. లోపలికెళ్ళి సంతకం పెట్టాను. పని అయి కాగితం చేతికొచ్చాక, ఎందుకో తెలీదు, అందుకోవడానికన్నట్టు నా చెయ్యి ముందుకు వెళ్ళింది.

"వద్దక్కా, నా తాననే ఉంటది" అంది పద్మ మెల్లగా. కాగితాన్ని సంచిలో పెట్టుకుని, సంచిని ఒళ్ళోకి లాక్కుంది.