కృపావతి గారి ఇటుకలు

కృపావతి గారికి నేల మీద వస్తువు కనబడితే ప్రాణం ఒప్పదు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు మనుషుల ముఖాలు చూడరు, మంచం కోళ్ళు చూస్తారు. బియ్యం డ్రమ్ము, ఫ్రిజ్, కుట్టుమిషను, ఆఖరికి కోళ్ళగంప అయినా సరే, కింద ఇటుకలు లేకపోతే ఆవిడకి కాఫీ దిగదు.

"ఈ డ్రమ్ము కింద ఏం పెట్టేరమ్మా?"

"ఏం పెట్టలేదండి. నేలేనండి."

"అదేనమ్మా నా బాధ."

ఆ మాట అంటూనే బయటికి వెళ్ళి స్కూటీ మీంచి ఇటుకలు దింపుకొస్తారు. స్కూటీలో కాళ్ళు పెట్టుకునే చోటంతా ఇటుకలే. మరి కాళ్ళు ఎక్కడ పెట్టుకునేవారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఒకే హైస్కూల్లో ఆవిడ సైన్సు, నేను తెలుగు చెప్పి రిటైరయ్యాం. నన్ను "తమ్ముడుగారూ" అంటారు. ఊరు మాత్రం ఆవిణ్ణి "ఇటుకల టీచరు" అంటుంది.

మా దగ్గర చదువుకున్న మురళీమోహన్ గృహప్రవేశానికి ఆవిడ పెద్ద గిఫ్టు ప్యాకెట్ తెచ్చారు. మోయలేక ఇద్దరు పట్టుకున్నారు. గ్రైండరనుకుని మురళీమోహన్ భార్య సంబరంగా కాగితం విప్పింది. లోపల శుభ్రంగా కడిగి తుడిచిన ఇటుకలు.

"గ్రైండరు ఎవరైనా ఇస్తారమ్మా. దాన్ని పెట్టుకునే చోటు నేనిచ్చేను" అన్నారావిడ.

చర్చిలో పాస్టరు ఎబినేజర్ గారి ముందుండే బల్లకి కూడా ఈ యోగం పట్టింది. ఆయన పొట్టి మనిషి. బల్ల ఎత్తేసరికి ఆ ఆదివారం సంఘానికి బైబిలు కనబడింది గానీ పాస్టరు గారు కనబడలేదు.

"టీచరుగారూ, నన్ను కూడా ఎత్తండి మరి!" అని బల్ల వెనకనుంచి గొంతు వినబడింది.

పై ఆదివారానికి ఆయన కాళ్ళ కిందకీ ఇటుకలు వచ్చాయి.

నవ్వుకున్నాం గానీ, ఈ పిచ్చి ఎలా మొదలైందో ఊళ్ళో అందరికీ తెలుసు. మాది పి.గన్నవరం దాటాక గోదావరి పాయ వైనతేయ గట్టుని ఆనుకుని ఉన్న ఊరు. వరద రావాలంటే గట్టు తెగాలని బయటివాళ్ళు అనుకుంటారు. తెగక్కర్లేదు. గోదావరి నిండుగా కొన్నాళ్ళు నిలిస్తే చాలు, నీరు గట్టు కిందుగా ఇవతలికి ఊరుతుంది. వాన ఉండదు. వీధి పొడిగానే ఉంటుంది. నూతిలో నీరు అంచుదాకా లేస్తుంది. ఆ తర్వాత ఇంట్లో ఓ మూల గచ్చు చెమ్మగిల్లి, చూస్తూ ఉండగానే నీరు పాకుతుంది. మరుగుదొడ్డి గొయ్యి పొంగి ఆ నీరూ ఈ నీరూ ఒకటైపోతాయి. గట్టు తెగితే పడవలొస్తాయి, పేపరువాళ్ళొస్తారు. నేలలోంచి ఊరితే ఎవరింటి సంగతి వాళ్ళకే తెలుస్తుంది. పైగా చెప్పుకోవడానికి సిగ్గు.

అలా సిగ్గుపడి ఎవరూ చెప్పుకోని ఒక ఏడాది, కృపావతి గారి పక్కింటి సూర్యావతి అత్తగారు పోయింది. కాళ్ళు పడిపోయిన మనిషి. చాప మీద పడుకునేది. కోడలు కొబ్బరి వలుపు పనికి పోతే పగలల్లా ఊటనీళ్ళలోనే ఉండిపోయింది. ఎవర్నీ పిలవలేదు. జ్వరం ముదిరాక అమలాపురం తీసుకెళ్తే వారం తిరక్కుండానే ప్రాణం పోయింది. దగ్గర కూర్చున్నది కృపావతి గారే.

సమాధి దగ్గర ఆవిడ ఒక్క మాటే అన్నారు. "పక్కింటివాళ్ళం తమ్ముడుగారూ. మనకి తెలియలేదు."

మర్నాటినుంచి ఇటుకలు మొదలయ్యాయి.

సోమేశ్వరరావు గారు మా ఊళ్ళో పెద్ద రైతు. వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువు ఉన్నాయి. ఆయనింట్లో మార్బుల్ గచ్చు అద్దంలా ఉంటుంది. కృపావతి గారు దాని మీదకీ ఇటుకలు పట్టుకెళ్ళారు.

"మా ఇల్లు మెరకండి టీచరుగారూ. నీరు రాదండి."

"పైనుంచి రాదండి. కిందనుంచి వస్తాది."

"అంటే పాతాళం నుంచాండి?"

"ఆయ్, అక్కణ్ణుంచేనండి. ఫ్రిజ్ కొంచెం ఇలా పట్టుకోండి."

ఆయన నవ్వుతూనే పట్టుకున్నారు. ఊరంతా వారం రోజులు ఆ కబురే చెప్పుకుంది.

ఇటుకలతో పని కాదని ఆవిడకీ తెలుసు. ఒక ఎండాకాలం ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి ఉన్న పేటవాళ్ళనీ, రైతుల వీధివాళ్ళనీ హైస్కూలు ఆవరణలోకి పిలిచారు. నేల మీద ముగ్గుతో గట్టు, వీధులు, మురుగుకాలువ గీశారు. ఎవరిల్లు ఎక్కడుందో అక్కడ నిలబడమన్నారు. ముందు పిల్లలాటలా అనిపించింది. మా వాళ్ళు ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటూ, "మా పెరట్లోకొచ్చేరేంటండి, జరగండి" అని సరసాలాడుకుంటూ సర్దుకున్నారు.

"ఇప్పుడు ఎవరింట్లో నేలలోంచి నీరొచ్చిందో వాళ్ళు కూర్చోండి" అన్నారావిడ.

ఎవరూ కూర్చోలేదు. కాసేపటికి సూర్యావతి కూర్చుంది. ఆవిణ్ణి చూసి పక్కనున్న ఏలీయా కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. సోమేశ్వరరావు గారు మాత్రం మీసం సవరించుకుంటూ నిలబడ్డారు.

భార్య వెంకటదుర్గ గారు ఆయన చొక్కా పట్టి లాగారు. "స్టోర్ రూములో వచ్చింది గదండి. నేనే గదా తోడి పోసేను. కూర్చోండి."

పెద్ద మనిషి కూలబడ్డారు. అప్పుడు నిలబడ్డవాళ్ళం చూశాం. కూర్చున్నవాళ్ళందరూ మురుగుకాలువ పొడుగునా బారుగా ఉన్నారు. పేటా రైతుల వీధీ అని తేడా లేదు. ఊరిన నీరు పోయే దారి మూసుకుపోయిందని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"కాలువ నిండా గుర్రపుడెక్కేనండి" అన్నాడు ఏలీయా. "అయినా, చెరువు దగ్గర మరీ సన్నబడిపోయిందండి."

అందరూ సోమేశ్వరరావు గారి వైపు చూశారు. ఆయన ముగ్గు గీత వైపు చూశారు.

"ఆ చెరువుగట్టు మాదేనండి. కాలువలోకి కొంచెం జరిగింది."

"జరిగిందాండి, జరిపేరాండి?" కృపావతి గారు మెల్లిగా అడిగారు.

"జరిపేమండి" అన్నారాయన. తలెత్తి సూర్యావతిని చూడలేకపోయారు.

ఆ నెలలోనే చెరువుగట్టు వెనక్కి జరిగింది. కాలువలో గుర్రపుడెక్క తీయడానికి ఇంటికొకరు దిగారు. అందరికీ నడుంలోతు బురదలో పాస్టరు గారు మెడ పైకే కనబడ్డారు. "ఇక్కడ ఇటుకలు వెయ్యరాండి టీచరుగారూ?" అని అరిస్తే అందరూ నవ్వారు. మంచినీళ్ళ బోరింగు చుట్టూ దిమ్మ ఎత్తుగా కట్టారు. నేల మీద పడుకునే ముసలివాళ్ళ బాధ్యత ఇరుగుపొరుగులు పంచుకున్నారు.

మిగిలింది అచ్చమ్మ గారు. ఒకప్పుడు తోటలున్న కుటుంబం. ఇప్పుడు కాలువ పక్కన పల్లంలో చిన్న పెంకుటిల్లు, ఓ చాప. ఎవరేమిచ్చినా పుచ్చుకోదు. పండక్కి చీర పంపిన వెంకటదుర్గ గారికి చీరతోపాటు అరటిగెల తిరిగొచ్చింది.

కృపావతి గారు ఆ ఇంటికి ఆటోలో మంచం వేసుకెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను.

"అచ్చమ్మ గారూ, పల్లంలో మంచానికి ఎన్ని ఇటుకలు పడతాయో చూడాలండి. మీ ఇల్లయితే సరిగ్గా తెలుస్తాది. పరీక్షకి కొన్నాళ్ళు ఉంచుతానండి."

"మంచం ఒట్టినే ఉంటే ఏం తెలుస్తాదండి? మనిషి బరువుండాలి గదా" అంది అచ్చమ్మ గారు కళ్ళు చికిలించి.

"ఆయ్, అదేనండి. మీరు కొంచెం సాయం చెయ్యాలండి."

మొన్న ఆగస్టులో గోదావరి నిండుగా నిలిచింది. నూతులు లేచాయి. గచ్చులు చెమ్మగిల్లాయి. అయితే ఊరిన నీరు కాలువ పట్టుకుని పోయింది. బోరింగు మునగలేదు. ఈసారి "మా ఇంట్లో వచ్చిందండి" అని అందరూ వీధిలోకి వచ్చి మరీ చెప్పారు. అందరికంటే ముందు చెప్పింది సోమేశ్వరరావు గారే. ఆయన ఫ్రిజ్ మాత్రం ఇటుకల మీద క్షేమంగా ఉంది.

నీరు తీశాక కృపావతి గారింటికి వెళ్ళాను. పెరట్లో దండెం నిండా తడిసిన చీరలు. లోపల బీరువా నేల మీద నిలబడి ఉంది. కింద ఒక్క ఇటుక లేదు.

"ఏవండీ! మీ బీరువా!"

"అరవకండి తమ్ముడుగారూ, పరువు పోతాది. ఉన్నవన్నీ అయిపోయేయి."

"మరి ఆ సోమేశ్వరరావు గారి ఫ్రిజ్ కిందవి తెచ్చుకోలేకపోయేరా? పోతే ఆయన ఇంకోటి కొనుక్కుంటారు గదండి."

ఆవిడ తడిచీర పిండుతూ అన్నారు. "పేదవాళ్ళ మంచాలకే ఇటుకలు పెడితే అది దానమవుతాదండి. అచ్చమ్మ గారు పుచ్చుకుంటారా? మార్బుల్ గచ్చు మీద కూడా పెట్టేననుకోండి, అప్పుడు నా పిచ్చి అవుతాది. పిచ్చిదానికి ఎవరైనా సాయం చేస్తారు. ఆ మంచం ఆవిడ కోసమేనని మాత్రం ఆవిడ చెవిన పడనివ్వకండి. నొచ్చుకుంటారు."

"ఆయ్" అన్నాను.

తిరిగొస్తుంటే అచ్చమ్మ గారు గుమ్మంలోంచి పిలిచింది. దగ్గరికి రమ్మని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఆ మంచం పరీక్షకి కాదని నాకు తెలుసండి బాబూ. నాకోసమే తెచ్చేరు. పాపం, ఆవిడ అంత కష్టపడి అబద్ధం చెప్పేరు, కాదంటే ఏం బాగుంటాది? నాకు తెలుసని మాత్రం చెప్పకండేం. నొచ్చుకుంటారు."

"ఆయ్" అన్నాను మళ్ళీ.

పరీక్ష ఇంకా సాగుతూనే ఉంది. కృపావతి గారు అప్పుడప్పుడు వెళ్ళి, మంచం కోళ్ళు తట్టి చూసి, "ఇంకొన్నాళ్ళు చూడాలండి" అంటారు. "చూడండి మరి, తొందరేవుంది" అంటుంది అచ్చమ్మ గారు, దుప్పటి సర్దుకుంటూ.