మా పార్టీ వీధిలో అద్దె ఇల్లు

ఈ రోజు పొద్దున భార్యనూ నాలుగేళ్ల పాపనూ వెంటబెట్టుకుని నల్లపాడు అవతల ఒక ఊళ్లో అద్దె ఇల్లు చూడబోయాను. ఇప్పుడున్న వీధి అంతా అవతలి పార్టీవాళ్లే. ఎన్నికలప్పుడు మా తలుపు మీద రాళ్లు వేశారు. మా జెండా ఉన్న వీధిలోనైతే పాప గుమ్మంలో ఆడుకోవచ్చని ఆశపడ్డాను.

ఇంటాయన వెంకయ్య మా పార్టీవాడే. తలుపు పక్కన మూత పెట్టిన కుండ చూపించాడు.

"ఇది మీ ఆవిడకండి. పక్క వీధిలో ఉన్న అవతలి పార్టీవోళ్లు మీదికొస్తే కళ్లల్లో కారం కొట్టడమే! ఇక్కడ ఇంటికో కుండ ఉంటదండి."

అంతలోనే కర్రలతో నలుగురు వీధిలోకి దూసుకొచ్చారు. వెంకయ్య ఎదురు పరుగెత్తి ఒకడి తల పగలగొట్టాడు. వాడు పడిపోయాక కూడా కొడుతూనే ఉన్నాడు. వెంకయ్య తల్లి అరుగు మీంచి కుండెడు కారం విసిరింది. ఎదురుగాలికి అది వెనక్కి కొట్టుకొచ్చి మా పాప కళ్లల్లో పడింది. పాప గుక్కపట్టి నేల మీద పొర్లింది. నా భార్య నీళ్లు పోసి కళ్లు కడుగుతుండగా వెంకయ్య నెత్తురు కర్రతో తిరిగొచ్చాడు.

"ఎదవల్ని తరిమేశామండి. ఇల్లు ఖాయం చేసుకుంటారా మరి?"

నా భార్య తలెత్తకుండానే, "మీ అమ్మగారికి గాలివాటం తెలిశాక వస్తాం అన్నయ్యా" అంది.

సాయంత్రానికి పాప కళ్లు తెరిచింది. చూపుకేమీ కాలేదన్నాడు డాక్టరు. ఏ పార్టీ లేని వీధి ఎక్కడైనా ఉంటే చెప్పండి. నేను మాత్రం మా పార్టీ వదలను.